చూసే కెమెరాలు ఎన్నో, నంబరు చదివేవి కొన్నే

ఢిల్లీ పెట్రోలు బంకుల్లో 2025 జూలై 1న మొదలైన ఒక ప్రయోగం మూడు రోజులు తిరగకుండానే తడబడింది. పదేళ్లు దాటిన డీజిలు వాహనాలకు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలకు ఇంధనం పోయరాదని రాజధాని ప్రాంత వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఆదేశించిన దరిమిలా దాదాపు 500 బంకుల్లో ప్రత్యేక కెమెరాలు అమర్చారు. బంకులోకి వచ్చిన వాహనం నంబరును కెమెరా తనంతట తానే చదవాలి. ఆ నంబరును కేంద్ర రిజిస్ట్రేషన్ల జాబితా 'వాహన్'తో సరిచూడాలి. కాలం చెల్లిన వాహనమైతే లౌడ్‌స్పీకరులో ప్రకటించాలి. ఏర్పాటు స్థూలంగా ఇదీ.

జూలై 3న ఢిల్లీ పర్యావరణ మంత్రి మన్‌జిందర్ సింగ్ సిర్సా ఆ ఆదేశాన్ని నిలిపివేయాలని కోరుతూ కమిషన్‌కు లేఖ రాశారు. కెమెరాలను అమర్చిన తీరు సరిగా లేదని, సెన్సార్లు, స్పీకర్లు పనిచేయడం లేదని, నంబరు ప్లేట్లలోని లోపాల వల్ల వాహనాల గుర్తింపు కష్టమవుతున్నదని, పొరుగు రాష్ట్రాల జాబితాలతో అనుసంధానం పూర్తికాలేదని ఆయన పేర్కొన్నారు. కమిషన్ గడువును నవంబరు 1కి వాయిదా వేసింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు ఆ వాహనాల యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దని ఆదేశించింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకు పరిమితం చేసింది.

పాత వాహనాలను నిషేధించడం సబబా కాదా అన్నది వేరే చర్చ. ఈ ఉదంతం వెల్లడించిన ముఖ్య విషయం మరొకటి ఉంది. దేశంలో ప్రభుత్వాలు, సంస్థలు, కాలనీలు కెమెరాలను కొంటున్నాయి. కొన్నవాటి సంఖ్యను చెప్పుకుంటున్నాయి. ఆ కెమెరాల్లో ఎన్ని వాహనాన్ని చూపడంతో సరిపెట్టుకుంటున్నాయో, ఎన్ని దాని నంబరును చదవగలుగుతున్నాయో మాత్రం ఎవరూ లెక్క చెప్పడం లేదు.

రెండు లక్షలకూ పూర్తి పరిహారానికీ మధ్య

ఈ లెక్కకు ఎంత విలువ ఉందో రోడ్డు ప్రమాదాల గణాంకాలు చూస్తే బోధపడుతుంది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. వీటిలో వాహనం ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోయిన ఘటనలు 67,387. వాటిలో ప్రాణాలు కోల్పోయినవారు 30,486 మంది. అంటే రోడ్డుపై చనిపోయిన ప్రతి ఆరుగురిలో ఒకరి కంటె ఎక్కువమంది విషయంలో వాహనం పరారైందన్నమాట.

వాహనం నంబరు దొరికితే మృతుని కుటుంబం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. మృతుని వయసు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్యను బట్టి ట్రిబ్యునల్ పరిహారం నిర్ణయిస్తుంది. బీమా ఉంటే ఆ సొమ్మును బీమా కంపెనీ చెల్లిస్తుంది. నంబరు దొరకని పక్షంలో మిగిలేది ప్రభుత్వ పథకం ఒక్కటే. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ పథకం కింద మృతుని కుటుంబానికి రూ. 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రూ. 50 వేలు లభిస్తాయి. అంతకుముందు ఈ మొత్తాలు రూ. 25 వేలు, రూ. 12,500 మాత్రమే. పాతికేళ్ల కూలి మనిషి చనిపోయినా, నలుగురిని పోషించే ఉద్యోగి చనిపోయినా నంబరు తెలియకపోతే దక్కేది అదే రెండు లక్షలు.

ఢీకొట్టి పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు శిక్ష విధించేందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను రెండో ఉప సెక్షనులో వీలు కల్పించారు. 2024 జనవరి మొదటి వారంలో లారీ డ్రైవర్లు దేశవ్యాప్తంగా ఆందోళనకు దిగడం, అదే ఏడాది జూలై 1న సంహిత అమలులోకి వచ్చినా ఆ ఉప సెక్షనును పక్కన పెట్టడం తెలిసిందే. శిక్ష ఎన్నేళ్లు ఉండాలన్న వాదోపవాదాల్లో, శిక్ష వేయాలంటే ముందు వాహనం దొరకాలన్న చిన్న విషయం మరుగున పడింది.

పిక్సెళ్ల లెక్క

ప్రమాదం జరిగిన చోట కెమెరా ఉండి కూడా నంబరు ఎందుకు చిక్కదు? తెల్ల కారు అని, ఎర్ర లారీ అని దర్యాప్తు అధికారులు చెప్పగలుగుతారు తప్ప నంబరు చెప్పలేకపోతారు. దీనికి కారణం చాలావరకు సామాన్యమైన గుణకారంలోనే ఉంది.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 51వ నియమం ప్రకారం కార్లు, లారీల నంబరు ప్లేటుపై అక్షరాల ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10 మిల్లీమీటర్లు ఉండాలి. ద్విచక్ర వాహనానికి ముందువైపు అక్షరాల ఎత్తు 30 మిల్లీమీటర్లు, వెనుకవైపు అంకెల ఎత్తు 40 మిల్లీమీటర్లు. దుకాణాల్లో, కూడళ్లలో సాధారణంగా కనిపించే కెమెరా చిత్రం అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలతో ఏర్పడుతుంది. ఈ చుక్కలనే పిక్సెళ్లు అంటారు.

ఆ కెమెరాను 40 మీటర్ల వెడల్పున్న కూడలి అంతా కనిపించేలా పెట్టారనుకుందాం. అప్పుడు ఒక మీటరుకు దక్కేవి 48 పిక్సెళ్లు. 65 మిల్లీమీటర్ల అక్షరానికి వచ్చేవి మూడు. మూడు చుక్కల్లో 'బి'కీ, 8కీ తేడా ఏ మనిషికీ, ఏ యంత్రానికీ తెలియదు. అదే కెమెరాను మూడున్నర మీటర్ల వెడల్పున్న ఒకే వరుసపై గురిపెడితే మీటరుకు దాదాపు 550 పిక్సెళ్లు వస్తాయి. అక్షరానికి 35 వరకు లభిస్తాయి. నంబరు చదవడానికి అక్షరం ఎత్తులో కనీసం 15 నుంచి 20 పిక్సెళ్లు అవసరమని సాంకేతిక నిపుణులు సాధారణంగా చెబుతారు. కెమెరా అదే, ధర అదే. మారింది దాన్ని తిప్పిన దిశ, బిగించిన లెన్సు మాత్రమే.

నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 62676 కూడా ఈ తేడాను అంకెల్లో నిర్దేశించింది. అక్కడ ఏదో ఉన్నదని గుర్తించడానికి మీటరుకు 25 పిక్సెళ్లు చాలు. తెలియని మనిషి ఎవరో నిర్ధారించడానికి 250 కావాలి. ఆ 250 కింద కూడా కారు నంబరులోని అక్షరానికి దక్కేవి 16 పిక్సెళ్లే. మోటారు సైకిలు ముందు ప్లేటుపై ఉన్న అక్షరానికి దక్కేవి ఏడెనిమిది. ద్విచక్ర వాహనాలే అధికంగా తిరిగే మన రోడ్లపై వాటిని వెనుకనుంచి చిత్రించే కెమెరాలు లేకపోతే సగం పని మిగిలిపోయినట్లే.

టెండర్లలో 'ఇన్ని మెగాపిక్సెళ్ల కెమెరా' అని రాస్తారు. 'రోడ్డుపై ఫలానా గీత వద్ద మీటరుకు ఇన్ని పిక్సెళ్లు' అని రాయడం అరుదు. ఎంత విశాలంగా కనిపిస్తే అంత మంచి కెమెరా అన్న అభిప్రాయం అధికారుల్లోనూ, కాలనీ సంఘాల్లోనూ ఉంది. నంబరు విషయంలో ఇది తలకిందుల ఆలోచన. నంబరు చదివే కెమెరా తక్కువ మేర చూడాలి.

వేగం, రాత్రి

రెండో చిక్కు వేగం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకు సాగుతుంది. కెమెరా షట్టరు సెకనులో 50వ వంతు తెరిచి ఉంటే ఆ వ్యవధిలోనే వాహనం 33 సెంటీమీటర్లు జరిగిపోతుంది. చిత్రంలో నంబరు అలుక్కుపోతుంది. షట్టరు వ్యవధిని సెకనులో వెయ్యో వంతుకు తగ్గిస్తే జరిగే దూరం 17 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. కెమెరా వాహనానికి దాదాపు ఎదురుగా ఉంటే ఈ కదలిక చిత్రంలో ఇంకా స్వల్పంగానే కనిపిస్తుంది. పక్కనుంచి, ఏటవాలుగా చూస్తే అలుకుడు పెరుగుతుంది. అందుకే నంబరు కెమెరా కోణం అడ్డంగానైనా, నిలువుగానైనా 30 డిగ్రీలు మించకూడదని అంటారు. ఎత్తయిన స్తంభం నుంచి కిందికి చూసే కెమెరాకు కారు పైకప్పు చక్కగా కనిపిస్తుంది. ప్లేటు మాత్రం కనిపించదు.

షట్టరు వేగం పెంచితే లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. పగలు ఇబ్బంది లేదు. రాత్రి వీధి దీపాల వెలుగు చాలదు. పైగా హెడ్‌లైట్ల కాంతి కెమెరా కళ్లలో కొట్టి ప్లేటు చుట్టూ తెల్లని మరక మిగులుతుంది. దీనికి విరుగుడుగా కంటికి కనిపించని పరారుణ కిరణాలను కెమెరా పక్కనుంచే ప్రసరింపజేస్తారు. ప్లేటుపై కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపే పూత ఉంటే ఆ కిరణాలు తిరిగి కెమెరానే చేరతాయి. హెడ్‌లైట్ల మధ్య కూడా నంబరు తేటగా కనిపిస్తుంది.

అయితే ఇలా తీసిన చిత్రంలో ప్లేటు తప్ప మిగిలినదంతా చీకటే. కారు రంగు, నడిపే మనిషి, హెల్మెటు ఏమీ తెలియవు. సొంత వాహనపు తెల్ల ప్లేటుకూ, అద్దె వాహనపు పసుపు ప్లేటుకూ తేడా కూడా చెరిగిపోతుంది. ఒకే కెమెరాతో రెండు పనులూ చేయించుకోవాలని చూస్తే రెండూ చెడతాయి. దృశ్యానికి ఒకటి, నంబరుకు ఒకటి వేర్వేరుగా ఉండాలి. రెండింటి గడియారాలూ ఒకే సమయం చూపాలి. బెంగళూరులో 2022 డిసెంబరులో ప్రారంభించిన ట్రాఫిక్ వ్యవస్థలో 50 కూడళ్లకు 250 నంబరు కెమెరాలు, రెడ్‌లైటు ఉల్లంఘనలను పట్టే 80 కెమెరాలు విడివిడిగా ఏర్పాటు చేయడం వెనుక ఉన్న తర్కం ఇదే.

లోపం ప్లేటులోనూ ఉంది

ఎంత మంచి కెమెరా అయినా రాసి ఉన్నదాన్నే చదవగలదు. మన రోడ్లపై నంబరు రాసే తీరు ఎన్ని పోకడలు పోతుందో చెప్పనక్కరలేదు. వంకర అక్షరాలు, ఒక అంకె పెద్దదిగా మరొకటి చిన్నదిగా రాయించుకోవడం, పేర్లు, పదవులు, దేవుళ్ల బొమ్మలు చేర్చడం మామూలైంది. లారీల ప్లేట్లపై బురద, తాళ్లు, బంపర్ల అడ్డు. చలానాల భయంతో వెనుక ప్లేటును పైకి వంచేవారు, ఒక అంకెకు మాస్కు కట్టేవారు హైదరాబాదు రోడ్లపై కొత్త కాదు.

ఈ సమస్యకు కేంద్రం చాలాకాలం క్రితమే పరిష్కారం చూపింది. 2001లో 50వ నియమాన్ని సవరించి హై సెక్యూరిటీ నంబరు ప్లేటును ప్రవేశపెట్టింది. అల్యూమినియం రేకు, కాంతిని తిప్పి పంపే పూత, ఉబ్బెత్తు అక్షరాలు, క్రోమియం హోలోగ్రాం, లేజరుతో చెక్కిన ప్రత్యేక సంఖ్య, ఒకసారి బిగిస్తే పగలగొట్టి తీయవలసిందే తప్ప ఊడదీయడానికి వీలులేని తాళం అందులోని అంశాలు. రాష్ట్రాలు ఏళ్ల తరబడి జాప్యం చేయడంతో 2011-12 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు పదేపదే జోక్యం చేసుకోవలసి వచ్చింది. చివరకు 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన కొత్త వాహనాలకు ఈ ప్లేటు తప్పనిసరి అయింది. నియమానికీ, కొత్త వాహనాలన్నింటికీ దాని వర్తింపుకూ మధ్య 18 ఏళ్లు గడిచాయి. అంతకుముందు రోడ్డెక్కిన వాహనాలకు మార్పిడి రాష్ట్రానికో తీరుగా సాగుతూ వచ్చింది.

బ్రిటన్ అనుభవం ఇక్కడ ప్రస్తావించదగినది. నంబరును యంత్రంతో చదివించే పద్ధతిని అక్కడి పోలీసు పరిశోధన విభాగం 1976లో రూపొందించింది. కొత్త వాహనాలకు కాంతిని ప్రతిఫలించే ప్లేట్లను ఆ దేశం 1973 జనవరి నుంచే తప్పనిసరి చేసింది. 2001లో అక్షరాల రూపాన్ని కూడా ఒకే విధంగా స్థిరపరిచింది. 2003 ఫిబ్రవరిలో లండన్ నగరం మధ్యలోకి వచ్చే వాహనాలకు కెమెరాల ఆధారంగా రుసుము వసూలు మొదలయ్యే సమయానికి చదవదగిన ప్లేట్లు సిద్ధంగా ఉన్నాయి. మనదేశంలో వరుస తారుమారైంది. కెమెరాలు ముందు వచ్చాయి, ప్లేట్లు వెనుకబడ్డాయి.

పొరుగు దేశాల్లోనూ ఈ సమస్య వేర్వేరు రూపాల్లో తలెత్తింది. బంగ్లాదేశ్ 2012లో కాంతిని ప్రతిఫలించే ప్లేట్లను, వాటితోపాటు రేడియో ట్యాగులను ప్రవేశపెట్టింది. అక్షరాలను, అంకెలను బెంగాలీలోనే ఉంచుకుంది. నేపాల్ 2017లో ఉబ్బెత్తు ప్లేట్లకు మారుతూ రోమన్ లిపిని ఎంచుకోగా దేవనాగరిని ఎందుకు వదులుకోవాలంటూ నిరసనలు వెల్లువెత్తాయి. పాకిస్తాన్‌లోని లాహోరులో 2018 నుంచి కెమెరా చలానాలు అమలవుతున్నాయి. యంత్రానికి ఫలానా లిపి కావాలన్న పట్టింపు లేదు. ఏ లిపి అయినా అందరూ ఒకే రూపంలో, ఒకే కొలతలో రాయాలి. మన నియమం ఇంగ్లీషు అక్షరాలను, అంతర్జాతీయ అంకెలను నిర్దేశించింది కనుక తెలుగులోనో, దేవనాగరిలోనో రాయించుకున్న ప్లేటు, అభిమానం ఎంతటిదైనా, ఇక్కడి యంత్రానికి ఖాళీ ప్లేటుతో సమానం.

నూటికి 99 సరిపోతుందా?

కెమెరాల కంపెనీలు తమ పరికరం నూటికి 99 పాళ్లు ఖచ్చితమైనదని చెబుతూ ఉంటాయి. ఆ 99 దేనికి వర్తిస్తుందన్నది అడగవలసిన ప్రశ్న. మన నంబర్లలో సాధారణంగా పది అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒక్కొక్కదానికి 99 శాతం ఖచ్చితత్వం ఉన్నదంటే పదీ సరిగా వచ్చే అవకాశం 90 శాతమే. అంటే ప్రతి పది వాహనాల్లో ఒకదాని నంబరు ఎక్కడో ఒకచోట తప్పుగా నమోదవుతుంది. మొత్తం నంబరుకే 99 శాతం అనుకున్నా, రోజుకు 50 వేల వాహనాలు పోయే రహదారిపై 500 తప్పులు దొర్లుతాయి.

సున్నాకూ 'ఓ'కూ, ఒకటికీ 'ఐ'కీ, 'బి'కీ 8కీ, 'ఎస్'కూ 5కూ మధ్య యంత్రం తికమకపడుతుంది. ఏ స్థానంలో అక్షరం, ఏ స్థానంలో అంకె ఉండాలో ముందే తెలుసు కనుక కొన్ని తప్పులను సాఫ్ట్‌వేరు తానే దిద్దుకుంటుంది. 3ను 8గా చదివితే మాత్రం దిద్దే దారి లేదు. ఆ నంబరు కూడా మరెవరిదో అయి ఉంటుంది. చలానా ఆ యజమాని ఇంటికి చేరుతుంది. వేరొకరి నంబరును కావాలనే తన బండికి తగిలించుకునేవారి బెడద దీనికి అదనం. అక్కడ కెమెరా సరిగానే చదువుతుంది, శిక్ష మాత్రం నిరపరాధికి పడుతుంది. చిత్రంలోని వాహనం రకం, రంగు, రిజిస్ట్రేషను వివరాలతో సరిపోలుతున్నాయా లేదా అని ఒక మనిషి చూస్తే ఇటువంటి తప్పుల్లో ఎక్కువ భాగం గడప దాటవు.

2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 136-ఎ సెక్షను, దాని కింద 2021 ఆగస్టులో వెలువడిన 167-ఎ నియమం ఈ విషయంలో కొన్ని రక్షణలు కల్పించాయి. పరికరానికి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా నిఘా ఉన్న మార్గంలో ముందుగా హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే చిత్రం, స్థలం, తేదీ, సమయం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సంబంధించిన ధ్రువపత్రం జతచేయాలి. ఈ నిబంధనలను అమలు చేయవలసిందిగా 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. చట్టం కోరుతున్నది చదవదగిన సాక్ష్యాన్ని అన్నది ఇక్కడ గమనార్హం.

కేరళ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో సుమారు రూ. 232 కోట్ల వ్యయంతో 726 కెమెరాల పథకాన్ని ప్రారంభించి, జూన్ 5 నుంచి జరిమానాలు విధించసాగింది. కాంట్రాక్టు విలువపై రాజకీయ దుమారం చెలరేగి వివాదం హైకోర్టుకు చేరింది. చర్చ ప్రధానంగా డబ్బు చుట్టూ తిరిగింది. కెమెరాలు నూటికి ఎన్ని నంబర్లు సరిగా చదువుతున్నాయన్న ప్రశ్నకు ఆ చర్చలో దక్కిన చోటు స్వల్పం.

ఈ ప్రశ్న ఇకపై జరిమానాలకే పరిమితం కాబోదు. ఎంపిక చేసిన టోలు ప్లాజాల్లో అడ్డుగేట్లు లేకుండా నంబరు కెమెరాలు, ఫాస్టాగుల సాయంతో రుసుము వసూలు చేస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. గుజరాత్‌లోని చోర్యాసి ప్లాజాకు ఆగస్టులో ఒప్పందం కూడా కుదిరింది. ఫాస్టాగు పనిచేయని వాహనానికి నంబరే ఆధారం. అక్కడ తప్పు చదవడమంటే ఒకరి ప్రయాణానికి మరొకరి సొమ్ము వసూలు చేయడమే అవుతుంది.

మన రాష్ట్రాల్లో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2013లోనే ప్రజా భద్రత చర్యల అమలు చట్టాన్ని ఆమోదించింది. జనం పెద్ద సంఖ్యలో వచ్చిపోయే వాణిజ్య, ఇతర సంస్థలు సొంత ఖర్చుతో సి.సి. కెమెరాలు పెట్టుకోవాలని, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని ఆ చట్టం నిర్దేశిస్తున్నది. తరువాతి కాలంలో హైదరాబాదు పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీలు, దుకాణదారులు చందాలు వేసుకుని వేలాది కెమెరాలు అమర్చారు. నేర పరిశోధనలో వీటి పాత్ర కాదనలేనిది. కానీ వీటిలో అధిక భాగం వీధిని చూడటానికి పెట్టినవే తప్ప నంబరు చదవడానికి పెట్టినవి కావు.

దీనికి పెద్ద ఖర్చుతో పనిలేదు. కాలనీకి రెండు దారులుంటే దారికొక కెమెరాను నంబరు కోసమే కేటాయిస్తే చాలు. గేటు వద్దగాని, స్పీడ్ బ్రేకరు వద్దగాని వాహనం ఎలాగూ నెమ్మదిస్తుంది. ఆ బిందువుపైనే, ఒక వరుస వెడల్పు మాత్రమే కనిపించేలా, వాహనానికి సాధ్యమైనంత ఎదురుగా, మరీ ఎత్తు కాకుండా కెమెరాను బిగించాలి. షట్టరు వేగాన్ని కెమెరా ఇష్టానికి వదలకుండా స్థిరపరచాలి. రాత్రి ఒకసారి తెలిసినవారి బండిని నడిపించి నంబరు చదవగలుగుతున్నామో లేదో సరిచూడాలి. గడియారం తప్పు సమయం చూపితే దొరికిన నంబరు కూడా సాక్ష్యంగా నిలవడం కష్టం. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం తప్పనిసరి అన్నది కాలనీ సంఘాలు గుర్తుంచుకోవలసిన మరో అంశం.

తెలుగు రాష్ట్రాల నంబర్లకు ఒక ప్రత్యేక చిక్కు కూడా ఉంది. విభజనకు ముందు రిజిస్టరైన తెలంగాణ వాహనాలపై 'ఏపీ' అక్షరాలే ఉన్నాయి. 2014 జూన్ తరువాతివి 'టీఎస్', 2024 మార్చి తరువాతివి 'టీజీ'. ఆంధ్రప్రదేశ్ 2019లో జిల్లా సంకేతాలకు బదులు రాష్ట్రమంతటికీ 39 సంఖ్యను తెచ్చింది. వీటికి తోడు 2021లో వచ్చిన 'భారత్' శ్రేణిలో అంకెలు ముందు, అక్షరాలు తరువాత ఉంటాయి. స్థానాన్ని బట్టి తప్పులు దిద్దుకునే సాఫ్ట్‌వేరుకు ఈ మార్పులన్నీ ఎప్పటికప్పుడు నేర్పకపోతే సరైన నంబరును కూడా అది తప్పుగా దిద్దే ప్రమాదం ఉంది.

చదివిన నంబరు ఎక్కడికి పోతుంది?

చదవలేని కెమెరా వల్ల బాధితునికి అన్యాయం జరిగితే, బాగా చదివే కెమెరా వల్ల మరో ప్రశ్న తలెత్తుతుంది. అది నేరస్థుని నంబరునే కాదు, ఆ దారిన పోయిన ప్రతి ఒక్కరి నంబరునూ చదువుతుంది. ఒక వాహనం ఏ రోజు, ఏ వేళ, ఏ ఆసుపత్రి ముందునుంచి, ఏ సభాస్థలి పక్కనుంచి వెళ్లిందో జాబితాగా పేరుస్తుంది. బ్రిటన్‌లో ఇటువంటి సమాచారాన్ని 12 నెలలకు మించి ఉంచుకోరాదన్న పరిమితి ఉంది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2008లోనే ఈ అంశంపై తీర్పు చెబుతూ, వెతుకుతున్న వాహనాల జాబితాతో సరిపోలని నంబర్లను వెంటనే చెరిపివేయాలని స్పష్టం చేసింది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా తేల్చిచెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమావళి వెలువడింది. అయితే దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలపై ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారాన్ని ఆ చట్టమే కేంద్రానికి ఇచ్చింది. 167-ఎ నియమం కూడా ఉల్లంఘన రికార్డును కేసు తేలేవరకు భద్రపరచాలని చెప్పిందే తప్ప, ఏ తప్పూ చేయకుండా వెళ్లిపోయిన వాహనాల నంబర్ల గురించి పట్టించుకోలేదు. కెమెరాలు ప్రధానంగా రోడ్డు భద్రత కోసమే అయితే ఆ మాటను కాలపరిమితి రూపంలో రాసిపెట్టడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు.

కొలమానం మారాలి

ఒక నగరం ఎన్ని కెమెరాలు పెట్టిందన్నది ఇంతవరకు ప్రగతికి కొలమానంగా చెలామణి అవుతున్నది. దీని స్థానే నాలుగు అంశాలను ఏటా ప్రజల ముందుంచడం అవసరం. ఒకటి, పగలు, రాత్రి విడివిడిగా నూటికి ఎన్ని నంబర్లు పూర్తిగా సరిగా చదవగలిగారు. రెండు, ఢీకొట్టి పారిపోయిన వాహనాల్లో ఎన్నింటిని కెమెరాల సాయంతో గుర్తించారు. మూడు, తప్పుడు చలానాలపై వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, ఎన్ని రోజుల్లో పరిష్కరించారు. నాలుగు, నేరంతో సంబంధం లేని నంబర్లను ఎప్పుడు చెరిపివేశారు. ఈ అంకెలను సేకరించడానికి కొత్త చట్టం అక్కరలేదు. కాంట్రాక్టులో నాలుగు షరతులు చేర్చి, బిల్లు చెల్లింపును వాటికి ముడిపెడితే సరిపోతుంది.

ఢిల్లీ బంకుల అనుభవం చవకగానే పాఠం చెప్పింది. అక్కడ కెమెరా విఫలమైతే ఒక పాత కారుకు పెట్రోలు దొరికింది, అంతే. రాత్రివేళ జాతీయ రహదారిపై విఫలమైతే ఒక కుటుంబానికి న్యాయంగా రావలసిన పరిహారం పోతుంది, ఒక నేరం విచారణ లేకుండానే ముగిసిపోతుంది. ఆ కుటుంబం స్తంభంపై కెమెరా ఉందా అని అడగడం లేదు, నంబరు ఏమిటని అడుగుతున్నది. ఇప్పటివరకు వెచ్చించిన కోట్ల రూపాయలకు ఫలితం దక్కిందా లేదా అన్నది ఆ ప్రశ్నకు లభించే జవాబును బట్టే తేలవలసి ఉంది.